ఆషాఢంలో ఆగిన పెళ్లిళ్లు

ఆ శాలువా ఆయన భుజాల మీద కప్పింది నేనే. ఇంకొకరి మీద నెపం వెయ్యడానికి లేదు. రేపల్లె నుంచి పెనుమూడి వెళ్లే దారిలో ఒక ఊరు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. దాని కింద ప్లాస్టిక్ కుర్చీల్లో బాల్య వివాహాల నిరోధక కమిటీ సభ్యులు కూర్చున్నారు. "మూల్యాంకనానికి విచ్చేసిన మేడంగారి చేతుల మీదుగా" అని మైకులో పిలవగానే లేచి, జరీ అంచు ఎర్ర శాలువా విప్పి, పదిహేనేళ్ల కూతురి పెళ్లి మానుకున్నందుకు ఒక తండ్రిని సన్మానించాను. ఫొటోలో నేను నవ్వుతున్నాను. ఆ నవ్వు చూసినప్పుడల్లా నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

చెయ్యకూడని పని చేసినందుకు కాదు సన్మానం, చెయ్యకుండా ఉన్నందుకు. ఈ లెక్కన మా వీధిలో దొంగతనం చెయ్యని వాళ్లందరికీ శాలువాలు కప్పాలి. ఆ రోజు నాకు ఈ మాట తట్టలేదు.

నేను తెనాలిలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పాను. ఏటా వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లి ఇంటర్ పేపర్లు దిద్దాను. అక్కడ ఒక దురలవాటు పట్టుకుంటుంది. పేజీ నిండుగా ఉండి, మార్జిన్ కొట్టి, హెడ్డింగుల కింద గీతలు గీసి ఉంటే చెయ్యి దానంతటదే మార్కులు వేసేస్తుంది. పిల్లకి పాఠం వచ్చిందా లేదా అన్నది ఆలోచించే తీరిక ఉండదు. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు ముప్పై అయిదు దాటి, ఒక స్వచ్ఛంద సంస్థలో కోఆర్డినేటర్ అయ్యాడు. రెండేళ్ల కిందట మా ఇంటికొచ్చి, "బయటి వాళ్లెవరైనా మా పనిని పరిశీలించి రిపోర్టు రాయాలండి మేడం. మీరైతే నిక్కచ్చిగా రాస్తారు" అన్నాడు. నిక్కచ్చి అన్న మాటకి పడిపోయాను.

అతనిచ్చిన ఫార్మాట్‌లో అడిగినవి ఇవి: ఊళ్లో కమిటీ ఉందా, నెలనెలా మీటింగు జరుగుతోందా, రిజిస్టర్లో సంతకాలున్నాయా, ఎన్ని పెళ్లిళ్లు ఆపారు, ఆపిన ప్రతి పెళ్లికీ హామీ పత్రం ఉందా. హామీ పత్రమంటే, పద్దెనిమిదేళ్లు నిండేదాకా మా అమ్మాయికి పెళ్లి చెయ్యం అని తల్లీ తండ్రీ సంతకం పెట్టిచ్చే కాగితం. ఆ కాగితం ఫైల్లో చేరితే పెళ్లి ఆగినట్టు. ఫైళ్లన్నీ చక్కగా ఉన్నాయి. మార్జిన్లు కూడా కొట్టి ఉన్నాయి. నా చెయ్యి మార్కులు వేసుకుంటూ పోయింది.

పైగా మేము వెళ్లింది ఆషాఢ మాసంలో. ఇక్కడ ఏ ఇల్లాలైనా నన్ను తిట్టొచ్చు, పడతాను. ఆషాఢంలో పెళ్లి ఎవరు చేస్తారు? కొత్త కోడలిని పుట్టింటికి పంపేసే నెల అది. జూన్‌తో సంస్థవాళ్ల మూడు నెలల పద్దు ముగుస్తుందట, జులైలో రిపోర్టు పైకి పంపాలట, అందుకని ఆ నెల. "మూల్యాంకనం జరిగిన కాలంలో ఈ గ్రామాల్లో ఒక్క బాల్య వివాహమూ జరగలేదు" అని నా చేత్తో నేను రాశాను. పంచాంగం చేసిన పనికి సంస్థకు మార్కులు వేశాను. సంస్థలో అందరూ తెలుగువాళ్లే. రిపోర్టు చదివిన వాళ్లలో ఒక్కరైనా, ఇది ఆషాఢం కదమ్మా అనలేదు.

సన్మానం అయ్యాక ఆ తండ్రి వాళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. రెండు గదుల ఇల్లు. శాలువా ఇంకా భుజాన ఉంది. పెళ్లి ఆగిన పిల్ల స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చింది. నేను ఫారం తీసి, అందులో ఉన్నది ఉన్నట్టు చదివాను.

"మీ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చెయ్యరు కదా?"

జవాబుని కడుపులో పెట్టుకున్న ప్రశ్న అది. అలాంటి ప్రశ్న క్లాసులో ఏ పిల్లైనా అడిగితే నేను కూర్చోబెట్టేదాన్ని.

"అయ్యో, ఎంత మాటండి. సంతకం పెట్టాక మాట తప్పుతామా అండి" అన్నాడాయన. తల్లి తలూపింది. నేను టిక్కు పెట్టాను. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాను. ఆ పిల్ల గ్లాసు తియ్యలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది. లేచి వెళ్లేటప్పుడు, "బాగా చదువుకో అమ్మా" అన్నాను. అదేదో నేనిచ్చే వరమైనట్టు.

ఆ తర్వాత సంవత్సరం తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర పక్కనున్న పెద్దావిడ, "ఆషాఢం వచ్చేస్తోందిగా, మళ్లీ శ్రావణం దాకా ముహూర్తాల్లేవు, అందుకే ఇంత హడావిడి" అంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను రాసిన వాక్యం అక్షరం అక్షరం కళ్లముందు కనిపించింది. పులుసు వడ్డించే అతను "వేయమంటారా అమ్మా" అని రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు.

అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. మొన్న శీతాకాలంలో కోఆర్డినేటర్ రెండో విడత మూల్యాంకనం కోసం వచ్చినప్పుడు, నేను ఒప్పుకున్నది అందుకే.

"జనవరి రెండో వారంలో పెట్టుకుందామండి మేడం" అన్నాడు.

"పుష్యమాసంలోనా? ఏం నాయనా, మీ సంస్థకి శూన్యమాసాలు తప్ప వేరే నెలలు దొరకవా?"

"అంటే ఏంటండి?"

"మీ అమ్మనడుగు, చెప్తుంది."

రెండు షరతులు పెట్టాను. మార్గశిరంలోనే తిరగాలి. లిస్టులో 'పెళ్లి ఆగింది' అని ఉన్న ప్రతి పిల్లనూ నా కళ్లతో చూడాలి. అతను తల గోక్కుని, "అమ్మాయిల్ని చూసే కాలమ్ మన ఫార్మాట్‌లో లేదండి మేడం" అన్నాడు.

"లేకపోతే గీసుకుంటాను. స్కేలుంది నా దగ్గర."

న్యాయంగా చెప్పాలంటే అన్ని చోట్లా మోసం లేదు. కర్లపాలెం వైపు ఒక పిల్ల బాపట్లలో ఇంటర్ చదువుతూ, బస్సు పాసు తీసి నాకు చూపించింది. పిట్టలవానిపాలెం దగ్గర ఒక ఊళ్లో అయితే సిగ్గుతో తలదించుకున్నాను. ఆ ఊరి రిజిస్టర్లో సంతకాలు సరిగ్గా లేవని రెండేళ్ల కిందట అన్నిటికంటే తక్కువ మార్కులు వేసింది దానికే. అక్కడి ఆడవాళ్లు మీటింగులు మానేసి, డిపో చుట్టూ తిరిగి, కాలేజీ టైముకి బస్సు తమ ఊళ్లో ఆగేలా చేయించుకున్నారు. పదో తరగతి అయిన పిల్లలు బస్సెక్కి కాలేజీకి పోతున్నారు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న పిల్ల కనపడితేనే కదా చుట్టాలకి సంబంధాలు గుర్తొచ్చేది. బస్సు ఆగిందా అనే కాలమ్ కూడా ఫార్మాట్‌లో లేదు. మొదలు కానే కాని పెళ్లిని ఆపినట్టు ఏ కాగితమూ ఉండదు కనుక, వాళ్లు ఏమీ చెయ్యని వాళ్ల కిందే లెక్క.

చివరికి పెనుమూడి దారిలో ఆ ఊరు. తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కి, దిగి, ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా వరి కోతలు. కమిటీ వాళ్లు ఎదురొచ్చారు. ముందు నడుస్తున్నది ఆ తండ్రే. ఇప్పుడాయన కమిటీ సభ్యుడు. "మారిన మనిషి కదండి, మిగతా తండ్రులకి ఆదర్శంగా ఉంటాడని మేమే తీసుకున్నాం. ఊరూరా మీటింగుల్లో మాట్లాడిస్తున్నాం" అన్నాడు కోఆర్డినేటర్ గర్వంగా.

"మీ అమ్మాయేదండి?" అన్నాను.

"చదువుకుంటోందండి. హాస్టల్లో ఉంది."

"ఏ కాలేజీ?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ, "కృష్ణ మీద వంతెన ఉందిగా, దానవతల అండి, ఆ పేరేదో నోరు తిరగదు" అంది.

రెండేళ్లు కూతుర్ని చదివిస్తూ కాలేజీ పేరు నోరు తిరగదట. నా మొహంలో ఏం కనిపించిందో, ఆయన లోపలికి వెళ్లి ఫైలు తెచ్చి హామీ పత్రం చూపించాడు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.

ఈసారి మజ్జిగ తెచ్చింది రెండో కూతురు. స్కూలు యూనిఫామ్‌లో ఉంది, పదో తరగతి. నేను గ్లాసు అందుకుని, "మీ అక్క ఏం చదువుతోందమ్మా?" అని అడిగాను. పిల్ల తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, నేల వైపు చూసింది. నేను ఇంకేమీ అడగకుండా, "ఆటో దాకా దారి చూపిస్తావా?" అన్నాను. తండ్రి తనే వస్తానని లేవబోతే, "మీరు రిజిస్టర్లు చూపించండి, మా వాడికి" అని కోఆర్డినేటర్ని అక్కడే కూర్చోబెట్టాను.

రోడ్డెక్కేదాకా పిల్ల వెనక్కి వెనక్కి చూస్తూ నడిచింది. ఎక్కాక ఒక్కసారిగా చెప్పింది. "అక్కకి పెళ్లైపోయిందండి. పాప కూడా పుట్టింది. వంతెన అవతల అమ్మమ్మ వాళ్లూళ్లో ఉంటుందండి. నాక్కూడా మాఘంలో చేసేస్తామంటున్నారు. మార్చిలో నాకు పబ్లిక్ పరీక్షలండి." మాట పూర్తికాకుండానే వెనక్కి తిరిగి పరుగెత్తింది.

కోఆర్డినేటర్ రాగానే, "పద వంతెన దాటుదాం" అన్నాను.

"అటు పక్క కృష్ణా జిల్లా అండి మేడం. మన ప్రాజెక్టు పరిధి కాదండి."

"పిల్లకి ఆ పరిధి ఎవరైనా చెప్పారా? దానికి పెళ్లి చేసినవాళ్లకి మాత్రం బాగా తెలుసు."

అతను రాలేదు. నేనొక్కదాన్నే వెళ్లాను. వంతెన దిగగానే ఉన్న ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. ఆ పిల్ల వాకిట్లో మినుములు చెరుగుతోంది. పక్కన గోడ పట్టుకుని ఏడాది దాటిన పాప నిలబడి ఉంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"గుర్తుపట్టారా మేడం?"

"నువ్వు మజ్జిగ తెచ్చావు."

"మీరు వెళ్లేదాకా గుమ్మంలోనే నుంచున్నానండి. నన్ను కూడా ఏదైనా అడుగుతారేమోనని. శ్రావణంలో ముహూర్తం పెట్టేశారని చెప్దామనుకున్నా. మీరు నాన్నని అడిగారు, అమ్మని అడిగారు. నన్ను బాగా చదువుకోమన్నారు." నిష్ఠూరంగా కూడా అనలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. "మీరొచ్చెళ్లిన పంతొమ్మిదో రోజునే అయిపోయిందండి. ఇక్కడే, అమ్మమ్మ వాకిట్లో. నాన్న మీరు కప్పిన శాలువానే వేసుకున్నాడండి పెళ్లికి. కొత్తగా ఉందని."

నేను అక్కడున్న మంచం మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదని చెప్పను? ఆయన మీద, ఆ సంస్థ మీద, ఆ ఫార్మాట్ మీద, అన్నిటికంటే ఎక్కువగా మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టిన నా చేతి మీద.

"నిన్నటికి నాకు పద్దెనిమిది నిండాయండి" అందా పిల్ల. "ఇప్పుడు నాకు పెళ్లి చెయ్యొచ్చంట. హామీ పత్రం గడువైపోయింది." అని నవ్వింది. నేను నవ్వలేదు.

తర్వాత అసలు సంగతి చెప్పింది. చెల్లెలికి సంబంధం చూస్తున్నారని తెలిసి, సంస్థవాళ్లు గోడల మీద రాయించిన నంబరుకి నెల కిందట తనే ఫోను చేసిందట. విషయం విచారించమని వాళ్లు ఆ ఊరి కమిటీ సభ్యుడికి కబురు పెట్టారట. ఆ సభ్యుడు వీళ్ల నాన్న. కంచే చేను మేస్తే కాపేం చెయ్యగలడు? ఆయన ఆ సాయంత్రమే వంతెన దాటి వచ్చి, ఇంకోసారి ఫోను చేస్తే చెల్లెల్ని స్కూలు మాన్పించేస్తానని చెప్పి వెళ్లాడట. పైకి మాత్రం 'విచారించాను, అంతా సవ్యంగా ఉంది' అని రాసి సంతకం పెట్టాడట.

"మేడం, ఆపినోళ్ల లిస్టులో నా పేరు ఇంకా ఉందా అండి?"

"ఉంది."

"కొట్టేయండి. నా పెళ్లి ఆగలేదని రాయండి. నా పేరు అక్కడున్నన్నాళ్లు మా నాన్న మంచోడండి. ఆయన మంచోడైనన్నాళ్లు మా చెల్లి సంగతి ఎవరూ నమ్మరు."

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు ఈ సంగతి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నిజం బయటపెడితే నీ భర్త మీద కూడా కేసు కావచ్చు, ఆలోచించుకో అన్నాను. దాచకుండా చెప్పడం నా ధర్మం అనిపించింది.

"ఆలోచించే చెప్తున్నానండి. ఆయన చెడ్డోడు కాదు. ఆయన్ని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. ఏదొచ్చినా మేం పడతాం. చెల్లి పరీక్షలు రాయాలండి."

తెనాలి వచ్చి ఆ రాత్రే ఉత్తరం రాసి సంస్థకు పంపాను. చెల్లెలి సంగతి వెంటనే చూడమన్నాను. వారం తర్వాత కోఆర్డినేటర్ ఫోను చేశాడు. "కనుక్కున్నామండి మేడం. ఇంట్లో పెళ్లి జాడలేం లేవు. పందిరి లేదు, చుట్టాల్లేరు, ఇల్లంతా మామూలుగా ఉంది."

"ఇప్పుడేం మాసం?"

అతను ఇంగ్లీషు తేదీ చెప్పాడు.

"పుష్యం నాయనా, పుష్యం. పుష్యంలో ఇల్లు మామూలుగా ఉండక తోరణాలు కట్టుకుని కూర్చుంటుందా? మొదటిసారి నేను పడ్డ గోతిలోనే నువ్వూ పడతావా?"

"పెద్దమ్మాయి కేసు తిరగదోడితే ప్రాజెక్టు పొడిగింపు ఆగిపోతుందేమో అండి. మిగతా ఊళ్లకి నష్టం కదా మేడం" అన్నాడు మెల్లగా. దుర్మార్గుడు కాదతను. నా దగ్గర ఫస్టు క్లాసులో పాసైన పిల్లాడు. అదే నాకు మరింత మంట. ఫార్మాట్ నింపడం అంత బాగా నేర్పింది మేమే కదా.

మాఘం రాకముందే బాపట్లలో ముగింపు సమావేశం ఉంది. జిల్లా అధికారిణి వస్తున్నారు. పెళ్లి తప్పించుకున్న అమ్మాయిలు కొందరికి సర్టిఫికెట్లు ఇస్తారు. ఆ అమ్మాయిల్ని ఎంపిక చేసే పని నిబంధనల ప్రకారం మూల్యాంకనం చేసిన వాళ్లది. అంటే నాది. వాళ్ల లిస్టే ముందు పెట్టుకుని, వాళ్ల ఫారం మీదే, ఆ పిల్ల పేరు ఆరోది రాశాను. ముందు ఆ పిల్లకి ఫోను చేసి వస్తావా అని అడిగాను. ఈసారి తననే అడిగాను. "వస్తానండి, పాపని ఎవరి దగ్గరా వదల్లేను మరి" అంది. "వదలొద్దు" అన్నాను. నేను పంపిన లిస్టు ఎవరూ చదవలేదు. చదివితే పేర్లు సంస్థవాళ్లవే కదా, అనుమానించడానికేముంది.

సమావేశం రోజు ఆ పిల్ల ఆటో, బస్సు, మళ్లీ ఆటో మారి వచ్చింది. పాప చంకలో నిద్రపోతోంది. కోఆర్డినేటర్ హడావిడిలో పేరు చదవకుండానే ఆరో నంబరుకి టిక్కు పెట్టుకుని, ముందు వరుసలో కూర్చోబెడుతూ, "పాప ఎవరిదమ్మా? ఎత్తుకొచ్చావేంటి?" అని ముద్దుగా అడిగాడు.

"నాదేనండి."

అతను చేతిలో కాగితం మీద పేరు అప్పుడు చదివాడు. నా దగ్గరికొచ్చి, "ఏంటండి మేడం ఇది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీ లిస్టే నాయనా. ఆరో పేరు."

వేదిక మీద తండ్రి ఉన్నాడు. ఆదర్శ తండ్రిగా మాట్లాడించడానికి పిలిచారు. ఆ ఎర్ర శాలువా వేసుకుని రమ్మన్నారట, వేసుకునే వచ్చాడు. కూతుర్ని చూశాడు. లేవబోయి, అందరూ చూస్తున్నారని కూర్చున్నాడు. మైకులో వ్యాఖ్యాత రాసిచ్చింది రాసిచ్చినట్టు చదివింది: "చిన్న వయసులో పెళ్లిని ఎదిరించి, చదువుని ఎంచుకున్న ధైర్యవంతురాలు..." పిల్ల మెట్లెక్కింది. అధికారిణి ఒక చేత్తో సర్టిఫికెటు, ఒక చేత్తో మొక్క కుండీ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. రెండూ అందుకోవాలంటే రెండు చేతులు కావాలి.

"కొంచెం పట్టుకోండి మేడం" అని పాపని ఆవిడ చేతుల్లో పెట్టింది. కుండీ ఎవరో అందుకున్నారు, సర్టిఫికెటు పిల్ల అందుకుంది. పాపకి మెలకువ వచ్చి ఆవిడ మెళ్లో వేలాడుతున్న కార్డు పట్టుకుంది.

"ఎవరి పాపమ్మా?" అన్నారు ఆవిడ, ఇంకా నవ్వుతూనే.

పిల్ల మైకు దగ్గరికి వెళ్లింది. "నా కూతురండి. ఇందులో నా పెళ్లి ఆగిందని రాశారండి. ఆగలేదు. మా చెల్లికి మాఘంలో పెట్టారు. అది పదో తరగతండి. మా నాన్న అడుగో."

అంతే. తండ్రి శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్నేం చెయ్యాలో తెలియక మళ్లీ విప్పాడు.

అధికారిణి పాపని వెంటనే తిరిగి ఇవ్వలేదు. ఎత్తుకునే ఉండి, చెల్లెలిది ఏ స్కూలు, ముహూర్తం ఎప్పుడు, అని అడుగుతూ తన మనిషి చేత రాయించుకున్నారు. భోజనాలకు ఆగలేదు. ఆ సాయంత్రమే మనుషులు ఆ ఊరు వెళ్లారు. రెండు రోజుల్లో చెల్లెలు బాపట్లలో హాస్టల్లో చేరింది. ముహూర్తం పోయింది. తండ్రిని కమిటీ నుంచి తీసేశారు. అక్కనీ ఆమె భర్తనీ పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. అది ఇంకా నడుస్తోంది. ఆ పిల్ల అన్నట్టే, వాళ్లే పడుతున్నారు.

నేను రిపోర్టు రాసిచ్చాను. రెండు పేజీలు ఆ ఇంటి గురించే. నా తప్పు కూడా రాశాను, ఆషాఢంతో సహా. మొన్న అది పుస్తకంగా అచ్చయి తెనాలి ఇంటికి పోస్టులో వచ్చింది. నా రెండు పేజీలు ఒక వాక్యమయ్యాయి: "ఒక కుటుంబం విషయంలో అనంతర పరిశీలన మరింత మెరుగుపడవలసి ఉన్నట్టు గమనించడమైనది." ఆపిన పెళ్లిళ్ల జాబితా వెనక పేజీల్లో ఉంది. అక్క పేరు ఎక్కడిదక్కడే ఉంది. ఆ జాబితా చివర కొత్తగా చెల్లెలి పేరు కూడా చేరింది.

అట్ట మీద ఫొటో ఆ పిల్లదే. సర్టిఫికెటు అందుకుంటూ నిలబడి ఉంది. అధికారిణి చేతుల్లో పాప లేకుండా ఫొటోని కత్తిరించారు. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా, సర్టిఫికెటు అంచు పక్కన ఒక చిన్న పాదం మిగిలిపోయింది. వెండి పట్టీ కూడా కనిపిస్తోంది. పుస్తకాన్ని విసిరికొట్టాను. మళ్లీ నేనే వెళ్లి తీసుకున్నాను.

నిన్న పొద్దున ఆ పిల్ల ఫోను చేసింది.

"పుస్తకం వచ్చిందంటగా మేడం. నా పేరు కొట్టేశారా అండి?"

అబద్ధం చెప్పలేదు. "లేదమ్మా."

వెనక పాప ఏదో అంటోంది.

"చెల్లి పేరు?"

"పెట్టారు. ఆపినవాళ్లలో."

"పోనీండి, నన్ను కొట్టెయ్యకపోతే కొట్టెయ్యకపోయారు" అంది. "దాన్ని మాత్రం లిస్టులో పెట్టేసి మర్చిపోకండి మేడం. శ్రావణం మళ్లీ వస్తదండి."